డ్రాగన్‌కి ఆక్సిజన్ సిలిండర్ కడితే స్పేస్ డ్రాగన్ అయిపోదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బెంగళూరులో తెలుగువాళ్లంతా కలిసి ఆడుకుంటున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) క్యాంపెయిన్‌ని, అంటే విడతలుగా సాగే కథని, అంతరిక్షంలోకి తీసుకెళ్లారు. మాన్‌స్టర్ల పుస్తకం పాతదే. కత్తుల బదులు లేజర్లు, గుహల బదులు స్పేస్ స్టేషన్లు పెట్టారు. ట్రోల్ అనే రాక్షసిని ల్యాబ్ నుంచి తప్పించుకున్న జీవి అన్నారు, డ్రాగన్‌ని స్పేస్ డ్రాగన్ అన్నారు. ఆటగాళ్లేమో "పేర్లు తప్ప ఏం మారింది అన్నా" అని మొహం మీదే అనేశారు. ఇప్పుడు మాన్‌స్టర్లన్నిటినీ కొత్తగా తయారు చేసుకోవాలా, ఉన్నవాటితోనే నెట్టుకురావచ్చా అని అడుగుతున్నారు.

ఉన్నవాటితోనే బ్రహ్మాండంగా నడుస్తుంది. నేను మారతహళ్లి చుట్టుపక్కల చాలా ఏళ్లుగా టేబుల్ నడుపుతున్నాను. అందులో సగం కాలం రాకెట్ల మీదే గడిచింది. ఇన్నాళ్లలో కొత్తగా కల్పించిన జంతువులు తక్కువ, పాతవాటి చుట్టూ పరిస్థితి మార్చి వాడుకున్నవే ఎక్కువ.

నా లెక్కలో మాన్‌స్టర్ అంటే ఒక షరతు. కోరలు, తోక, రంగు తర్వాత సంగతి. ట్రోల్ గాయాలు వాటంతటవే మానిపోతాయి, నిప్పుతో కొట్టకపోతే చావదు. లిచ్ అంటే చచ్చినా బతికుండే మాంత్రికుడు, దాని ప్రాణం ఒంట్లో ఉండదు, ఎక్కడో దాచి ఉంటుంది. మిమిక్ మీరు అనుమానించని వస్తువులా ఉంటుంది. మన రాక్షసులకి ఇది కొత్తేం కాదు, వాళ్లు వరం షరతుల మీదే బతుకుతారు, ఆ షరతులోని సందులోంచే చస్తారు. అంతరిక్షం నాలుగింటిని తలకిందులు చేస్తుంది: గాలి, వేడి, బరువు, దూరం. పాత షరతు తీసుకుని ఈ నాలుగింటిలో దేనితోనో ఢీకొట్టించండి. ఢీకొట్టలేకపోతే ఆ మాన్‌స్టర్‌ని భూమ్మీదే వదిలేయండి.

ట్రోల్ సంగతే చూడండి. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకంలో తన ప్రతి టర్న్ మొదట్లో దానికి 10 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం అంకెలు, తిరిగొస్తాయి. నిప్పో యాసిడో తగిలితే ఆ తర్వాతి టర్న్‌లో రావు. ఈ రహస్యం అందరికీ తెలుసు కాబట్టి ట్రోల్ కనబడగానే కాగడా తీస్తారు, ఫైట్ ముగుస్తుంది. అదే ట్రోల్‌ని ఒక్క అంకె కూడా మార్చకుండా స్టేషన్ కారిడార్‌లో నిలబెట్టండి. ఇప్పుడు కాగడా ఎవరు వెలిగిస్తారు? 1997 ఫిబ్రవరిలో రష్యా వాళ్ల మీర్ స్పేస్ స్టేషన్‌లో ఆక్సిజన్ ఇచ్చే క్యానిస్టర్ ఒకటి అంటుకుంది. లోపల ఆరుగురు ఉన్నారు. పొగ కమ్మేసింది, కిందకి దిగడానికి ఉన్న రెండు సోయుజ్ నౌకల్లో ఒకదాని దారికి మంట అడ్డంగా నిలిచింది. నిప్పంటే అక్కడ అంత భయం.

ఇంకో సంగతి. బరువు లేనిచోట వేడిగాలి పైకి లేవదు, పైన అనేదే లేదు కాబట్టి. మంట నాలుకలా సాగకుండా ఉండలా గుండ్రంగా ఉంటుంది, దానికి కొత్త గాలి అందించేది ఎక్కువగా ఫ్యాన్లే. అందుకే మంట పుడితే ముందు గాలి ప్రవాహం ఆపేస్తారు. కానీ ఫ్యాన్ ఆగితే మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొహం చుట్టూనే పేరుకుంటుంది, నిద్రపోతున్నవాళ్లకి మరీ ప్రమాదం. ఇక టేబుల్ మీద చూడండి. ట్రోల్‌ని కాల్చాలంటే ఫ్యాన్లు తిరగాలి, మంట స్టేషన్‌కి పాకకూడదంటే ఫ్యాన్లు ఆగాలి, ఆగితే మెడికల్ బేలో స్పృహ లేని కెప్టెన్ పోతాడు. ట్రోల్ అలాగే ఉంది. దాని విరుగుడు ఖరీదే ఆకాశానికంటింది. మాన్‌స్టర్‌ని మార్చడం కంటే ఇది పదిరెట్లు బాగా పనిచేస్తుంది.

ట్రోల్‌కి మన వైపు పెద్దన్న ఉన్నాడు, రక్తబీజుడు. దేవీ మాహాత్మ్యంలో వాడి రక్తపు చుక్క నేలని తాకితే అలాంటివాడే ఇంకొకడు లేస్తాడు. చాముండ నోరు తెరిచి చుక్కని నేలన పడనివ్వకుండా తాగేస్తే తప్ప పని కాలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పిడి ఇదే. ఇంజన్ ఆపి నౌక ఊరికే సాగుతున్నప్పుడు నేల ఎక్కడుంది? నరికితే రక్తం గోళీల్లా గుండ్రటి బొట్లై గాలిలో తేలుతుంది. ఆటగాళ్లు రెండు రౌండ్లు రెచ్చిపోయి నరుకుతారు, ఏమీ కాదు. "ఓహో, వీణ్ణి ఇక్కడ చంపడం ఇంత సులభమా" అనుకుంటారు. అప్పుడు పైలట్ గొంతు స్పీకర్లో వస్తుంది: కక్ష్య సరిచేయాలి, ఇంజన్ వెలిగించక తప్పదు, లేకపోతే గ్రహశకలం తగులుతుంది.

ఇంజన్ వెలిగితే నౌక వెనక గోడే నేలవుతుంది. లెక్క కట్టి చెబుతున్నాను. భూమి గురుత్వంలో పదో వంతు బలంతో నెట్టే ఇంజనైనా సరే, రెండు మీటర్ల ఎత్తున తేలుతున్న చుక్క రెండు సెకన్లలో నేలని తాకుతుంది. మన ఆటలో అందరి వంతూ ఒకసారి అయ్యే రౌండ్ ఆరు సెకన్లు. అంటే ఇంజన్ వెలిగిన రౌండ్‌లోనే గదిలో ఉన్న ప్రతి చుక్కా రాక్షసుడవుతుంది. ఆ లోపు వాక్యూమ్ గొట్టంతో పీలుస్తారా, పైలట్‌ని బతిమాలుకుంటారా, ఎయిర్‌లాక్ తెరిచి రక్తాన్ని బయటికి వదులుతారా, వాళ్లిష్టం. శూన్యంలో ఆ బొట్లు మరుగుతూనే గడ్డకట్టి చెదిరిపోతాయి. వాటిలో ఒకటి ఎప్పటికో ఏ చందమామ నేల మీదో వాలితే అది మీ వచ్చే ఏడాది క్యాంపెయిన్.

ఇందులో చాలామంది చూడనిది ఇంకొకటుంది. స్టేషన్‌లో పోయిన వస్తువులు చివరికి గాలి లోపలికి పీల్చే జాలీ దగ్గర తేలతాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెన్నో స్క్రూవో కనబడకపోతే వెతికేది అక్కడే. చుక్కలన్నీ పీల్చేశాం, గెలిచాం అని ఆటగాళ్లు చప్పట్లు కొట్టుకున్నాక వారం ఆగండి. ఫిల్టర్ మార్చాల్సిన రోజు వస్తుంది. ఫిల్టర్ ప్యాడ్ నేల కిందికి వస్తుందా రాదా అనేది జీఎంగా, అంటే ఆట నడిపేవారిగా, మీ తీర్పు. ముందే తేల్చుకుని కాగితం మీద రాసుకోండి, లేకపోతే టేబుల్ మీద రూల్స్ లాయర్లు మిమ్మల్ని బతకనివ్వరు.

ఇప్పుడు మీ డ్రాగన్. శూన్యంలో చలి చంపేస్తుందని అందరూ అనుకుంటారు. పెద్ద ఒళ్లు, మండే పొట్ట ఉన్న జీవికి అసలు కష్టం వేడి వదిలించుకోవడం. గాలి లేదు కాబట్టి ఒంటి వేడిని గాలికిచ్చే దారి లేదు, కిరణాలుగా వెదజల్లాల్సిందే. స్పేస్ స్టేషన్‌కి పెద్ద పెద్ద రేడియేటర్ పలకలు ఉండేది అందుకే. డ్రాగన్‌కి ఆ పలకలు ముందే ఉన్నాయి, వాటినే రెక్కలంటున్నాం. ఎగరడానికి అక్కడ రెక్కలెందుకని మీ టేబుల్ మీద ఎవరైనా అడిగి ఉంటే జవాబు దొరికినట్టే. ఫైట్ సాగేకొద్దీ రెక్కలు ఎర్రబడతాయి. వాటిని ఎండకి అంచు మాత్రమే తగిలేలా తిప్పుకుంటుంది. ముడుచుకుంటే దెబ్బ నుంచి కాపాడుకోగలదు, కానీ లోపల ఉడికిపోతుంది. నేను దీన్ని ఇలా ఆడిస్తాను: నిప్పు కక్కిన ప్రతిసారీ డ్రాగన్‌కి ఒక వేడి పాయింట్, రెక్కలు చాచి ఉన్న రౌండ్‌కి ఒకటి తగ్గుతుంది, ఐదు దాటితే పారిపోవాల్సిందే. దాన్ని చంపడం కంటే రెక్కలు ముడిచేలా చేయడం తెలివని రెండో ఫైట్‌కల్లా పట్టేస్తారు.

నిప్పు కక్కడంలోనూ మెలిక ఉంది. బయట ఆక్సిజన్ లేదు కాబట్టి అది రాకెట్‌లాగా ఇంధనాన్నీ ఆక్సిజన్నీ రెండిటినీ లోపలే మోసుకోవాలి. రాకెట్‌లాగే ఎదురు నెట్టుడు కూడా తప్పదు. ముందుకి కక్కితే వెనక్కి పోతుంది. ముసలి డ్రాగన్ దీన్ని వాడుకుంటుంది, పిల్ల డ్రాగన్ కోపంలో కక్కి కక్కి తనే దూరంగా కొట్టుకుపోతుంది. మా వాళ్లు ఒకసారి తిట్లతోనే పిల్ల డ్రాగన్‌ని కక్ష్య దాటించారు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

మరి నిధి? బంగారం మీద పడుకునే డ్రాగన్ అక్కడ నవ్వులాటే. ఐసు మీద పడుకోబెట్టండి. ఐసు వేడిని మింగుతుంది, కాస్మిక్ కిరణాల నుంచి కాపాడుతుంది, విడగొడితే శ్వాసకి ఆక్సిజన్, ఇంజన్‌కి హైడ్రోజన్ ఇస్తుంది. చుట్టుపక్కల స్టేషన్ల వాళ్లు నీళ్లకి అల్లాడుతుంటే తోకచుక్కంత ఐసుని కౌగిలించుకుని ఒకడు కూర్చున్నాడు. 2024 ఎండాకాలంలో బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ కోసం ఎదురుచూసినవాళ్లకి ఈ డ్రాగన్ మీద కోపం ఎందుకు రావాలో మీరు వివరించక్కర్లేదు.

దారిలో దొరికినదాన్నల్లా మింగే జెల్లీ దిమ్మె, జెలాటినస్ క్యూబ్ గురించి రెండు మాటలు. అది పదడుగుల ఘనాకారంలో ఉండటానికి కారణం పాత డంజన్ మ్యాపుల్లో కారిడార్ పదడుగులు ఉండటమే. స్టేషన్‌లో అది గుండ్రంగా అవుతుంది, తలతన్యత పుణ్యమా అని. ఇది ఊహ కూడా కాదు. మీర్‌లో ఒక ప్యానెల్ వెనక దాదాపు బాస్కెట్‌బాల్ అంత నీటిముద్ద తేలుతూ కనబడింది, దాన్నిండా సూక్ష్మజీవులు. ఏళ్ల తరబడి మనుషుల చెమట, ఊపిరి తేమ చేరి అలా తయారయింది. ఆటగాళ్లకి ఈ నిజం ముందు చెప్పండి, తర్వాత ప్యానెల్ తెరవమనండి. ఫైట్‌లో ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ పాచిక వేసే ముందే సగం మంది కుర్చీలో సర్దుకుంటారు.

ఇనుముకి తుప్పు పట్టించి తినే రస్ట్ మాన్‌స్టర్‌ని చాలామంది తీసుకెళ్లి నౌక బయట అంటిస్తారు. తుప్పుకి ఆక్సిజన్, తేమ రెండూ కావాలి, శూన్యంలో ఇనుము తుప్పు పట్టదు. దాని చోటు లోపల, చెమ్మగా ఉండే తోటల మాడ్యూల్లో. లేదా ఆహారం మార్చండి, రబ్బరు సీళ్లు తిననివ్వండి. కానీ జాగ్రత్త. భూమ్మీద అది కత్తి తింటే ఆటగాడికి ఏడుపొస్తుంది, ఇక్కడ సూట్ తింటే ప్రాణమే పోతుంది. 1966లో నాసా వాక్యూమ్ చాంబర్‌లో సూట్ గొట్టం ఊడి గాలి పోయిన జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ దాదాపు 14 సెకన్లలో స్పృహ తప్పాడు. వెంటనే గాలి నింపారు కాబట్టి బతికాడు. స్పృహ పోయేముందు నాలుక మీద ఉమ్మి మరుగుతున్నట్టు తెలిసిందని తర్వాత చెప్పాడు. 14 సెకన్లంటే మన లెక్కలో రెండు రౌండ్లు, చిల్లర. అందుకని సీలు పూర్తిగా పోవడానికి కనీసం మూడు కాట్లు పట్టేలా పెట్టండి. సినిమాల్లోలా మనిషి పేలిపోవడం మాత్రం వద్దు, అలా జరగదు. అన్నట్టు, ఈ రస్ట్ మాన్‌స్టర్ పుట్టింది ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ కొన్న చవక ప్లాస్టిక్ బొమ్మల ప్యాకెట్లోంచి. ఐడియాలు అయిపోతే చిక్‌పేటలో ఒక ప్యాకెట్ కొనుక్కోండి, అందులో ఏ కాలానికీ చెందని రాక్షసబల్లి ఒకటైనా ఉంటుంది.

మిమిక్‌ని మాత్రం నేను ఆకారంలోంచి గొంతులోకి మార్చేశాను. కారణం మన ఊళ్లోనే ఉంది. 1990ల్లో బెంగళూరు గోడల మీద "నాళె బా" అని, మన వైపు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు కదా. దయ్యం రాత్రి తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే సంగతులు. ఆ తలుపు స్థానంలో ఎయిర్‌లాక్ పెట్టి చూడండి. బయట రిపేర్‌కి వెళ్లిన మీ ఇంజనీర్ గొంతే రేడియోలో: "హ్యాండిల్ ఇరుక్కుంది రా, లోపలినుంచి తియ్యి. గాలి అయిపోతోంది." కెమెరా పాడైంది. ఇంజనీర్ నిజంగానే బయట ఉన్నాడు, వాడి గాలి నిజంగానే అయిపోతోంది. తీస్తే ఎవరొస్తారు? 2003లో చైనా నౌక షెంజౌ 5లో ఒంటరిగా తిరుగుతున్న యాంగ్ లీవెయ్‌కి నౌకని ఎవరో తడుతున్నట్టు చప్పుడు వినిపించింది. ఇనప బకెట్‌ని చెక్కసుత్తితో కొట్టినట్టుందని ఆయనే చెప్పాడు. ఈ సంగతి సెషన్ మొదట్లో మాటల మధ్యలో వేసి వదిలేయండి.

రేపు రా అని ఎయిర్‌లాక్ మీద రాయొచ్చా అని మా టేబుల్ మీద కరీంనగర్ అమ్మాయి అడిగింది. రాయొచ్చన్నాను. కానీ భూమి చుట్టూ తక్కువ ఎత్తులో తిరిగే స్టేషన్‌కి సుమారు 90 నిమిషాలకి ఒక సూర్యోదయం, రోజుకి 16. రేపు గంటన్నరలో వచ్చేస్తుంది. మళ్లీ పెన్ను పట్టుకుని పరిగెత్తాలి.

అదే లెక్క హిరణ్యకశిపుడికీ పనికొస్తుంది. లోపలా బయటా కాని చోటు ఎయిర్‌లాక్, పగలూ రాత్రీ కాని వేళ ప్రతి ముప్పావుగంటకీ వస్తుంది. అలాంటి వరం ఉన్న విలన్ కక్ష్యలోకి ఎక్కడమే వాడు చేసిన తెలివితక్కువ పని. మీ విలన్‌కి వరం రాసేటప్పుడు భూమ్మీద ఉన్నప్పుడు పకడ్బందీగా ఉండేలా రాయండి, మిగతాది స్టేషన్ చూసుకుంటుంది.

లిచ్‌కి ఎక్కువ స్థలం ఇవ్వాలి, క్యాంపెయిన్ మొత్తానికి విలన్ అయ్యే సత్తా ఉన్నది అదే. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. ఇక్కడ ఆ చిలకని ఒక ప్రోబ్‌లో పెట్టి సౌరమండలం అంచుకి పంపేయండి. నాసా పంపిన నౌక వాయేజర్ 1 ఉన్నంత దూరం అనుకుంటే, అక్కడికి సిగ్నల్ ఒకవైపు చేరడానికే 22 గంటలు దాటుతుంది. ఫకీరు తన జ్ఞాపకాలన్నీ ఎప్పటికప్పుడు చిలకకి పంపిస్తుంటాడు. మీరు చంపితే చిలక అక్కడ ఇంకో ఫకీరుని తయారుచేస్తుంది. కానీ చావుకి ముందు పంపడం కుదరనిదేదీ ఆ కొత్తవాడికి తెలియదు. అంటే ఆటగాళ్లకి దొరికిన ఆయుధం వాడి అజ్ఞానం. సిగ్నల్ తెగ్గొట్టి, ఆ తర్వాత తాము చేసిన పనులేవీ వాడికి తెలియకుండా చంపాలి.

ఎలా తెగ్గొడతారు? దీనికి ఆకాశమే సాయం చేస్తుంది. భూమికీ అంగారకుడికీ మధ్య సూర్యుడు అడ్డంగా వచ్చినప్పుడు, సుమారు 26 నెలలకోసారి, రెండు వారాల పాటు అక్కడి నౌకలకి ఆదేశాలు పంపడం ఆపేస్తారు. ఫకీరు కోటని అంగారకుడి మీద పెట్టి, వాడి ప్రసారం భూమ్మీద నుంచి మలుపు తిరిగి చిలకకి వెళ్తుందని పెట్టుకుంటే ఆ రెండు వారాలే అదను. మలుపు తిప్పే యాంటెన్నా మన బ్యాలాలులోదే అని పెట్టేశాను నేను. బెంగళూరు శివార్లలో ఇస్రోకి 32 మీటర్ల డిష్ నిజంగానే ఉంది, సుదూర నౌకలతో మాట్లాడేందుకే అది. ఆటగాళ్లలో ఒకరు శాటిలైట్ల పనిలో ఉన్నారు. ఆ రాత్రి జీఎం కుర్చీ నాదో ఆయనదో తెలియలేదు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. అస్థిపంజరాలు, జాంబీలు అంతరిక్షానికే పుట్టినట్టుంటాయి. గాలి అక్కర్లేదు, ఒంట్లో వేడి లేదు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి శిథిలాల్లో శిథిలంలా కనబడతాయి. కొరివి దయ్యానికి కాస్మిక్ కిరణాలు వాడండి. అపోలో యాత్రికులకి కళ్లు మూసుకున్నా మెరుపులు కనిపించాయి, కళ్లు మూసుకుంటేనే కనబడే దయ్యం కంటే మీకు ఇంకేం కావాలి. భేతాళుడి కథ రేడియో నిశ్శబ్దానికి సరిగ్గా సరిపోతుంది, నోరు విప్పారా శవం మళ్లీ మొదటి కక్ష్యకి పోతుంది. తోడేలు మనిషిని నేను ముట్టుకోను. గురుగ్రహం దగ్గర తెలిసిన చందమామలే 90కి పైగా ఉన్నాయి, ఏ పౌర్ణమి అని అడిగితే సెషన్ అక్కడితో సరి. ఆర్క్‌లు, గాబ్లిన్లు మాన్‌స్టర్లు కారు, పొరుగువాళ్లు. వాళ్లకి స్టేషన్, జెండా, అప్పులు ఇచ్చి మనుషుల్లాగే బతకనివ్వండి.

అంకెల గురించి టెన్షన్ వద్దు. మాన్‌స్టర్ల అంకెల పట్టికలు, అదే స్టాట్ బ్లాకులు, దాదాపు అలాగే ఉంచండి, హిట్ పాయింట్లు పెంచితే ఫైట్ సాగుతుంది తప్ప భయం రాదు. నేను చేర్చేది ఒక్కటే: టేబుల్ మధ్యలో గాజు గ్లాసు, అందులో గోళీలు. సూట్లతో ఉన్నప్పుడు రౌండ్‌కి ఒక గోళీ తీస్తాను, పరిగెత్తినా అరిచినా రెండు. ఎన్ని మిగిలాయో అందరికీ కనబడుతుంది కాబట్టి ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. ఇంజన్ ఆగి ఉందా వెలిగి ఉందా అని చూపే కార్డు ఒకటి, ఎటువైపు నేలో చూపే బాణం ఒకటి ఉంటే ఇంకా మంచిది.

మీ వాళ్లకి స్పేస్ డ్రాగన్ ఇప్పటికే ఎదురైంది కాబట్టి దాన్ని రద్దు చేయకండి. వాళ్లు చూసింది చీకటి వైపున, రెక్కలు ముడుచుకుని, వేడెక్కి పారిపోతున్న డ్రాగన్‌నని చెప్పండి. అది ఐసు దగ్గరికి వెళ్లిందని ఏ నీళ్ల ట్యాంకర్ పైలట్‌తోనో చెప్పించండి. దాని జోలికి వెళ్లేముందు మాత్రం ట్రోల్, ఫ్యాన్ల ఫైట్ ఒకటి ఆడించి మీ వాళ్లకి గాలి విలువ తెలిసేలా చేయండి. మీ పార్టీలో ఎవరెవరున్నారో, ఏ లెవెల్లో ఉన్నారో రాస్తే రక్తబీజుడికి చుక్కల లెక్క నేను వేసిస్తాను.